పట్నంలో మూడు తరాల ఇల్లు – షరీఅత్ వెలుగులో

నివాస గృహం అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. దివ్య ఖుర్‌ఆన్‌లో సూరయె నహ్ల్ 80వ ఆయతు ఈ అనుగ్రహాన్నే గుర్తు చేస్తుంది. అందులో రెండు రకాల నివాసాల ప్రస్తావన ఉంది. మొదటిది మనిషి నెమ్మదిగా విశ్రమించే స్థిరమైన ఇల్లు. రెండవది పశువుల తోళ్ళతో చేసుకునే గుడారం; ప్రయాణం నాడూ, మకాం నాడూ తేలికగా ఉండేది. ఒకచోట నిలిచి ఉండేదీ ఇల్లే, అవసరం మారినప్పుడు దానికి తగ్గట్టు మార్చుకునేదీ ఇల్లే. సిమెంటుతో, ఇనుముతో కట్టుకునే నేటి ఇళ్ళలో మొదటి గుణం పుష్కలంగా ఉంది, రెండవది దాదాపు లేకుండా పోయింది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ రెండవ గుణం గురించే.

నడిగడ్డ నుంచి పట్నం దాకా

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో, పాత ఇళ్ళు ఎలా ఉండేవో పెద్దలకు తెలుసు. మా మల్దకల్‌లోనూ, గట్టు, ధరూరు, అయిజ వైపు పల్లెల్లోనూ ఇప్పటికీ అక్కడక్కడా మట్టి మిద్దెలు నిలిచి ఉన్నాయి. మూరెడు మందం గోడలు, కొయ్య దూలాల మీద మట్టి కప్పు, ముందు అరుగు, లోపల దాలాన్, వెనుక దొడ్డి. పెద్ద కొడుకు పెళ్ళికి దొడ్డిలోకి ఒక గది పెంచేవారు. రెండవవాడి పెళ్ళికి పశువుల కొట్టాన్ని వెనక్కి జరిపి ఇంకొక గది వేసేవారు. కూతురు కాన్పుకు వస్తే దాలాన్‌లో ఒక మూల నులకమంచం వేసి దుప్పటి అడ్డం కట్టేవారు. ఎవరూ నక్షా గీయలేదు. ఇల్లు కుటుంబంతోపాటే పెరిగేది.

ఆ ఇళ్ళు అన్ని విధాలా మంచివని మేము అనడం లేదు. వెలుతురు తక్కువ. చాలా ఇళ్ళకు మరుగుదొడ్డి ఉండేది కాదు, ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఓర్చుకోవలసి వచ్చేది. ముసురు పట్టిందంటే కప్పు కారేది. 2009 అక్టోబరు వరదల్లో అలంపురం, రాజోలి వైపు మట్టి గోడలు ఎలా ఒరిగిపోయాయో చూసినవారు స్లాబు ఇల్లు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే స్లాబు ఇల్లు కట్టింది ఎక్కడ? బతుకుదెరువు కోసం పిల్లలు గద్వాల, కర్నూలు, రాయచూరు, హైదరాబాదు చేరారు. కొందరు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. పాలమూరు కూలీలు, మేస్త్రీలు దేశంలో ఎన్నో ఆనకట్టలు, భవనాలు కట్టారు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా వచ్చిందే. అందరికీ ఇళ్ళు కట్టిన ఆ చేతులకు పట్నంలో దొరికింది 60 గజాలో, 80 గజాలో, మహా అయితే 100 గజాల జాగా. అందులో ఒక హాలు, రెండు పడక గదులు, ఒక వంటగది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లల కోసం వేసిన లెక్క అది.

పదేళ్ళు గడిచాక లెక్క మారుతుంది. మల్దకల్‌లో ఒంటరిగా ఉన్న తండ్రి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటాడు, పట్నం తీసుకురాక తప్పదు. హాల్లో దీవాన్ మీద ఆయన పడక. స్నానాల గది గడప ఎత్తుగా ఉంది, తలుపు రెండడుగులే, పట్టుకొని నడిపించే మనిషికి చోటు చాలదు. తమ్ముడికి పెళ్ళవుతుంది. ఒక గది కొత్త దంపతులకు, ఒక గది అన్నా వదినలకు, పిల్లలు వంటగది ముందు. మరిది రాకపోకలన్నీ హాల్లోంచే కనుక వదిన ఉదయం ఫజ్ర్ నుంచి రాత్రి ఇషా దాకా తన ఇంట్లోనే తల మీద ముసుగు తీయలేదు. ఏడాది తిరిగేలోగా మాట పట్టింపులు మొదలవుతాయి. కోడలు మంచిది కాదని అత్త, అత్త మంచిది కాదని కోడలు. ఇలాంటి తగాదాలు మసాయిల్ రూపంలో మా ముందుకు తరచూ వస్తుంటాయి. వాటిలో సగానికి సగం మనుషుల మనసులో పుట్టినవి కావు, గోడలు తప్పుగా లేచినచోట పుట్టినవి.

కలిసి ఉండటం ఫర్జా?

ముందుగా ఒక సంగతి తేటతెల్లం చేసుకోవాలి. అన్నదమ్ములంతా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతకాలని షరీఅత్ ఎక్కడా ఫర్జు చేయలేదు. విడిగా ఉండటం పాపం కాదు. ఫర్జు అయినది తల్లిదండ్రుల సేవ. సూరయె బనీ ఇస్రాయీల్ 23వ ఆయతు తల్లిదండ్రుల ముసలితనాన్ని ప్రస్తావిస్తూ ‘ఇందక’ అనే పదం వాడింది, అంటే నీ దగ్గర. వృద్ధాప్యంలో వారు బిడ్డకు దగ్గరగా ఉంటారన్నది ఖుర్‌ఆన్ మామూలు విషయంగా చెప్పింది. మరి వారు ఏ గదిలో ఉండాలి? ఆ ప్రశ్నకు జవాబు ఇల్లు కట్టేవాడు వెతకాలి.

రెండవ పక్క భార్య హక్కు ఉంది. హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన హిదాయా గ్రంథం ప్రకారం, భార్యకు కావలసిన నివాసం భర్త మీద వాజిబ్. పెద్ద ఇంట్లో ఆమెకంటూ గడియ పడే ఒక గది ఇస్తే ఆ హక్కు తీరుతుంది. ఆ గదిలో ఆమె సామాను ఆమెది, ఆమె అనుమతి లేకుండా అత్తగానీ ఆడబిడ్డగానీ దాన్ని తడమకూడదు. తర్వాతి ఫఖీహ్‌లు దీనికి మరుగుదొడ్డి, వంటచోటు కూడా జతచేసి చర్చించారు. స్తోమత గలవాడు అవి కూడా విడిగా ఇవ్వాలి, పేదవాడికి ఉమ్మడివి సరిపోతాయి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) బెహిష్తీ జేవర్‌లోనూ గడియ పడే గది సంగతి స్పష్టంగా ఉంది. ఆ పుస్తకాన్ని పెళ్ళిలో కూతురికి కానుకగా ఇచ్చే ఇళ్ళు మనలో ఎన్నో. ఆ పేజీని మాత్రం అల్లుడి తరపువారు చదివినట్టు కనిపించదు.

తల్లిదండ్రుల హక్కు, భార్య హక్కు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకునేవి కావు. ఒకే నక్షాలో రెండింటికీ చోటు పెట్టవచ్చు. పెట్టకపోతేనే కొడుకు రెంటి మధ్య నలిగిపోతాడు.

మదీనాలో హుజ్రాలు

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నివాసాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. మస్జిదె నబవీ కట్టినప్పుడు దాని పక్కన మొదట లేచినవి రెండే హుజ్రాలు, హజ్రత్ సౌదా (రజి) కోసం ఒకటి, హజ్రత్ ఆయిషా (రజి) కోసం ఒకటి. కుటుంబం పెరిగినకొద్దీ ఒక్కొక్క హుజ్రా చేరింది. పక్కన ఉన్న తన ఇళ్ళను హజ్రత్ హారిసా బిన్ నూమాన్ (రజి) ఒక్కొక్కటే ఖాళీ చేసి ఇచ్చారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. పచ్చి ఇటుకలు, ఖర్జూరపు మట్టలు, వాకిలికి వెంట్రుకలతో నేసిన తెర. బాల్యంలో వాటిలోకి వెళ్ళిన హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) చేయి ఎత్తితే కప్పు అందేదని చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) గది ఎంత చిన్నదంటే, ఆయన (స) రాత్రి నమాజులో సజ్దా చేయాలంటే నిద్రిస్తున్న ఆమె కాళ్ళు ముడుచుకోవలసి వచ్చేది (బుఖారీ). అంత చిన్నదైనా ప్రతి ఒక్కరికీ తమదంటూ ఒక గది, తమదంటూ ఒక వాకిలి. విశాలమైన ఇల్లు మనిషికి సౌభాగ్యమని హదీసుల్లో ఉంది, నిజమే. కానీ విశాలం లేనప్పుడు కూడా వేరు వాకిలి సాధ్యమేనని ఈ హుజ్రాలు చూపుతున్నాయి.

ఇంకొక ఇల్లు కూడా మనకు పాఠం చెబుతుంది. మదీనాకు వచ్చిన కొత్తలో ఆయన (స) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. అది రెండంతస్తుల ఇల్లు. ఆయన (స) కింద ఉన్నారు, అబూ అయ్యూబ్ దంపతులు పైన. దైవప్రవక్త తల మీదుగా తాము నడుస్తున్నామన్న ఆలోచన రాగానే ఆ దంపతులు రాత్రంతా ఒక పక్కకు ఒదిగి గడిపారు. ఒకసారి నీళ్ళ కుండ పగిలితే కిందికి చుక్క పడుతుందేమోనని తమ దుప్పటితోనే అద్దారు. పైకి రమ్మని వేడుకుంటే, కింద ఉండటమే తనకు సౌకర్యమని ఆయన (స) మొదట చెప్పారు; చివరకు వారి మనసు చూసి పైకి మారారు (ముస్లిం, సీరత్ ఇబ్ను హిషామ్). ఇందులో గౌరవం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. ఇల్లు కట్టేవారికి ఇందులో ఇంకొకటి ఉంది. రాకపోకలు ఎక్కువ ఉన్న మనిషికి కింది అంతస్తు అనుకూలం. ఒకరి నడక, ఒకరి నీళ్ళు ఇంకొకరిని బాధించకూడదు. అవసరాన్ని బట్టి పైవారు కిందికి, కిందివారు పైకి మారగలగాలి.

మూడు వేళలు, ఒక తలుపు

సూరయె నూర్ 58, 59 ఆయతుల్లో ఇంట్లోని పిల్లలకు, సేవకులకు మూడు వేళల్లో అనుమతి అడిగి లోపలికి రావాలని ఆదేశం ఉంది: ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించుకునే వేళ, ఇషా తర్వాత. ఎదిగిన పిల్లలైతే ఎల్లప్పుడూ అడగాలి. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) దీని నేపథ్యం వివరించారు. ఆ రోజుల్లో ఇళ్ళకు తెరలు లేవు, అందుకే ఎవరైనా హఠాత్తుగా లోపలికి వచ్చేవారు. తర్వాత అల్లాహ్ కలిమి ఇచ్చాడు, తెరలు వచ్చాయి (అబూదావూద్). ఆదేశం పోలేదు, ఇంటి అమరిక దాన్ని పాటించడం తేలిక చేసింది.

మువత్తాలో ఇంకొక సంఘటన ఉంది. తల్లి దగ్గరకు వెళ్ళడానికి కూడా అనుమతి అడగాలా అని ఒకాయన దైవప్రవక్త (స)ను అడిగాడు. అడగాలన్నారు. నేను ఆమెతోపాటే ఉంటాను అన్నాడు. అయినా అడగాలన్నారు. ఆమె సేవ చేసేది నేనే అన్నాడు. అప్పటికీ అడగమన్నారు; తల్లిని దుస్తులు లేని స్థితిలో చూడటం నీకు ఇష్టమా అని ప్రశ్నించారు. సేవ చేసే కొడుకైనా తలుపు తట్టాలంటే తట్టడానికి తలుపు ఉండాలి కదా! మన ఇళ్ళలో ముసలివాళ్ళ పడక హాల్లో. అందరి కళ్ళ ఎదుట వారు బట్ట మార్చుకోవాలి, మందు రాయించుకోవాలి. ముసలితనంలో సిగ్గు పోతుందనుకోవడం పడుచువాళ్ళ భ్రమ.

పదేళ్ళు వచ్చిన పిల్లల పడకలు వేరు చేయమన్న హదీసు (అబూదావూద్), భర్త తరపు మగ బంధువు విషయంలో మరీ మరీ జాగ్రత్తగా ఉండమని హెచ్చరించిన హదీసు (బుఖారీ, ముస్లిం) కూడా నక్షా ముందు పెట్టుకొని చదవాలి. కోడలు స్నానానికి వెళ్ళే దారి మరుదులు పడుకునే చోటు గుండా ఉంటే, ఎన్ని బయానులు విని ఏం లాభం? తోవ మార్చడం ఇంజినీరు పని. ఆ మాట అతనితో చెప్పడం ఇంటి పెద్ద పని.

ఆయన (స) ఎవరి ఇంటికైనా వెళితే వాకిలికి ఎదురుగా కాక కుడి పక్కనో ఎడమ పక్కనో నిలబడేవారు (అబూదావూద్). మన దక్కనులో పాత దేవిడీల్లో, మామూలు ఇళ్ళలో కూడా వాకిలి దాటగానే అడ్డంగా ఒక పర్దా గోడ ఉండేది. లోపలి సహన్‌లో ఆడవాళ్ళు ఎండలో తిరిగినా వీధికి కనబడరు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, 1912లో ఏర్పడిన ఆరాయిషె బల్దా సంస్థ ఇరుకు బస్తీలను సరిచేసి సామాన్య కుటుంబాలకు ఇళ్ళు కట్టినప్పుడు కూడా ఆకాశం కనిపించే వాకిలిని వదిలిపెట్టలేదు. వదిలిపెట్టింది మన కాలమే.

నూరు గజాల నక్షా

ఇక పనిలోకి దిగుదాం. 20 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న జాగా తీసుకుందాం, అంటే సరిగ్గా 100 గజాలు. ఇరవై అడుగుల పక్క వీధి. ముందు అయిదడుగులు వదిలామనుకుందాం. ఖచ్చితంగా ఎంత వదలాలో మున్సిపాలిటీలో కనుక్కోవాలి. రెండు పక్కలా పొరుగు ఇళ్ళ గోడలే.

ఎడమ పక్క ఏడడుగుల పట్టీ విడిచిపెట్టండి. అందులో మూడడుగులు వీధి నుంచే ఎక్కే మెట్లు, మిగిలినది కింది ఇంటి తలుపుకు దారి. తలుపు వీధికి ఎదురుగా కాక ఒక మలుపు తర్వాత రావాలి, అదే మన పర్దా గోడ. కుడి పక్క ముందు గది బైఠక్, వీధి వైపు దానికి వేరే తలుపు. దాని వెనుక గోడను ఆనుకొని ఒక స్నానాల గది. బైఠక్ నుంచి ఒక తలుపు, లోపలి హాలు నుంచి ఒక తలుపు. ఆ వెనుక కుడి గోడ పక్కనే ఏడడుగుల సహన్, పైన ఆకాశం, ఇనుప జాలీ. దాని ఎడమన హాలు. చివర వంటగది, ఒక పడక గది. పై అంతస్తులో ఇదే తీరుగా రెండు గదులు, ఒక స్నానాల గది, ఒక చిన్న వంటచోటు.

ఈ నక్షాలో అసలు కీలకం బైఠక్. ఈనాడు అది అతిథి గది. అతిథి పడకకు కూడా ఇంట్లో చోటు ఉండాలని హదీసులో ఉంది (ముస్లిం). రేపు అబ్బాకు నడక కష్టమైతే అదే ఆయన గది: మెట్లు లేవు, స్నానాల గది ఆనుకొనే ఉంది, ఆయన దోస్తులు వీధి తలుపు నుంచే వచ్చి కూర్చొని సలాం దువా చేసి వెళతారు, లోపలి ఆడవాళ్ళకు ఇబ్బంది లేదు. ఎల్లుండి వితంతువైన కూతురు పిల్లలతో పుట్టింటికి వస్తే ఆమె అక్కడే కుట్టుమిషను పెట్టుకొని నాలుగు రూపాయలు సంపాదించుకోగలదు. తిరిగి వచ్చిన కూతురి మీద పెట్టే ఖర్చు ఉత్తమమైన సదఖా అని ఇబ్ను మాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. కానీ ఆమెకు గది ఉంటుందని ఊహించి కట్టిన ఇళ్ళు ఎన్ని?

సహన్ కోసం జాగా వృథా అవుతుందని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోవద్దు. రెండు పక్కలా గోడలు మూసుకున్న ఇంట్లో నడిమి గదులకు గాలి వెలుతురు వచ్చేది అక్కడినుంచే. ఇంకొక లాభం, పైన ఉన్న కొడుక్కి కింద అమ్మ పిలుపు వినబడుతుంది. తలుపులు వేరైనా గొంతు అందేంత దూరంలో ఉంటారు.

ఇప్పుడు కట్టకపోయినా రేపటి కోసం ఇప్పుడే వదలవలసినవి కొన్ని ఉన్నాయి. డబ్బు లేక కింది అంతస్తు మాత్రమే కడుతున్నా, పునాది, పిల్లర్లు ఎన్ని అంతస్తులకు కావాలో ఇంజినీరుకు ముందే చెప్పాలి, తర్వాత పెంచలేం. పైన వంటగది, స్నానాల గది వచ్చే చోటుకు నీటి పైపు, మురుగు పైపు కొసలు స్లాబు వేసేటప్పుడే పైకి తీసి మూత పెట్టాలి. రెండవ కరెంటు మీటరుకు పైపు గోడలోనే వేయించాలి. ఏ గోడలో రేపు తలుపు పెట్టవలసి రావచ్చో అక్కడ లింటెల్ ఇప్పుడే వేసి, కింద సన్నని ఇటుక గోడతో మూయించాలి. తెరవడం ఒక్క పూట పని అవుతుంది. పిల్లర్ల మీద పైకి వదిలిన ఇనుప చువ్వలు వానకు తుప్పు పడతాయి, వాటికి పలుచని కాంక్రీటు తొడుగు వేయించాలి. పిల్లర్లు లేకుండా రాతి గోడల మీదే స్లాబు వేసిన ఇళ్ళలో మాత్రం ఇష్టం వచ్చినట్టు గోడ పగలగొట్టకూడదు, కప్పు బరువంతా దాని మీదే ఉంటుంది.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత జాగాలో 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టుకునేవారికి 5 లక్షల సాయం ప్రకటించారు. అంత చిన్న ఇంట్లో కూడా మెట్లకు చోటు ఒక పక్కకు వదలడం, స్నానాల గది తలుపు మూడడుగులు పెట్టడం సాధ్యమే. ఇది డబ్బు సమస్య కంటే ముందుచూపు సమస్య. ముందుభాగానికి రంగురాళ్ళ అలంకారం, లోపల దీపాల సీలింగు కోసం లక్షలు పోసినవారు అమ్మ పట్టుకోవడానికి స్నానాల గదిలో ఒక స్టీలు కడ్డీ బిగించలేదంటే ఏమనాలి!

వాస్తు పేరు చెప్పి స్నానాల గదిని ఇంటి చివరికి తోసేవారు మన ముస్లిం ఇళ్ళలోనూ ఉన్నారు. దిక్కు వల్ల అదృష్టం రాదు, పోదు. ఎండ ఎటు, గాలి ఎటు అన్నది చూసుకుంటే చాలు. మనం తప్పక చూడవలసిన దిక్కు ఒకటే. మలమూత్ర విసర్జన వేళ ఖిబ్లాకు ముఖం గానీ వీపు గానీ పెట్టవద్దన్న హదీసును ఉల్లేఖించినవారు కూడా ఆ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గారే. మన ప్రాంతంలో ఖిబ్లా పడమర కనుక కమోడు ఉత్తర దక్షిణాలుగా బిగించాలి. టైల్స్ వేశాక మార్చడం కష్టం, పైపు వేసే రోజే మేస్త్రీకి చూపించండి.

పెద్దల గది

పెద్దల గదికి, స్నానాల గదికి తలుపు మూడడుగులు ఉండాలి, చక్రాల కుర్చీ పట్టేంత. గడప వద్దు. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం పడి తెరవలేని పరిస్థితి రాదు. కమోడు పక్కన, తలుపు పక్కన గోడకు కడ్డీలు. నున్నటి పాలిష్ టైల్స్ కాక గరుకువి. వుజూ కోసం అడుగున్నర ఎత్తున కూర్చునే దిమ్మె, ఎదురుగా కుళాయి. వంగి కాళ్ళు కడుక్కోలేని ముసలివాళ్ళకు అది ఎంత సాయమో అనుభవించినవారికే తెలుసు. వీధి నుంచి గదికి ఒక అడుగు ఎత్తు ఉంటే పన్నెండు అడుగుల వాలు కావాలి. అంత చోటు లేనిచోట ముందు వాకిలి ఎత్తునే తగ్గించి కట్టుకోవడం మేలు. వాన నీళ్ళు లోపలికి రాకుండా ముందు కాలువ తీయించాలి. మంచం మీద నుంచి ఇంట్లో జరిగేది కొంత కనబడాలి, వినబడాలి. గది వేరు చేయడమంటే మనిషిని వెలి వేయడం కాదు.

మరి పొయ్యి? పొయ్యి వేరైతే ఇల్లు విరిగినట్టేనని మన పెద్దలు బాధపడతారు. సూరయె నూర్ 61వ ఆయతులో కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని స్పష్టంగా ఉంది. పై అంతస్తులో చిన్న పొయ్యి ఉంటే, ఆఫీసు వేళలకు పరుగెత్తే కోడలు పొద్దున అక్కడ వండుకుంటుంది, రాత్రి అందరూ కింద ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటారు. రోజుకు మూడు పూటలు బలవంతంగా కలిసి తినడంకంటే ఒక్క పూట ఇష్టంగా తినడంలో బర్కత్ ఎక్కువ కనబడుతోంది మాకు.

అపార్టుమెంటులో ఉన్నవారు

జాగా కొనే స్తోమత లేనివారు, అద్దె ఫ్లాటులో ఉన్నవారు, 560 చదరపు అడుగుల ప్రభుత్వ రెండు పడక గదుల ఇల్లు వచ్చినవారు గోడలు కదపలేరు. వారికి గుడారం ఆయతే దారి. హాలును రెండుగా చేసే మడత తలుపు, పైకప్పుకు బిగించిన పట్టాల మీద జరిగే మందపాటి పర్దా, గోడలా అడ్డం నిలిచే బీరువా. తండ్రి ఉన్న భాగానికి తలుపులాంటిది ఏదో ఒకటి ఉండేలా చూడాలి. కొత్తగా తీసుకునేవారు లిఫ్టును నమ్ముకొని అయిదో అంతస్తు ఎంచుకోకుండా కింది అంతస్తు వెతకాలి, కరెంటు లేని గంటలోనే ఆసుపత్రి అవసరం పడుతుంది. అన్నదమ్ములు ఒకే ఫ్లాటులో ఇరుక్కోవడంకంటే ఒకే గల్లీలో రెండు చిన్న ఫ్లాట్లు తీసుకోవడం ఎన్నోసార్లు మేలు. సింగపూరు ప్రభుత్వ గృహ సంస్థ 2013లో మూడు తరాలకని ప్రత్యేకంగా నాలుగు పడక గదుల ఫ్లాట్లు మొదలుపెట్టింది. 2015 నుంచి తల్లిదండ్రులతో కలిసి గానీ, వారికి సమీపంలో గానీ ఇల్లు కొనే పిల్లలకు ధన సాయం కూడా ఇస్తోంది. దగ్గరగా ఉండటం కూడా కలిసి ఉండటంలో ఒక రకమని వారు గుర్తించారు.

కాగితం

గోడలన్నీ సరిగ్గా వేసినా ఒక పని మిగిలిపోతే ఆ ఇల్లు కోర్టుకు చేరుతుంది. జాగా తండ్రిది, కింది అంతస్తు తండ్రి కట్టాడు, పై అంతస్తు గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బుతో లేచింది. తండ్రి చనిపోయాక పై అంతస్తు ఎవరిది? కొడుకు నాది అంటాడు. తమ్ముళ్ళు, అక్కచెల్లెళ్ళు జాగా నాన్నది కదా అంటారు. ఫిఖ్హ్‌లో జవాబు ఆ డబ్బు ఏ ఉద్దేశంతో ఇచ్చారన్నదాని మీద ఆధారపడుతుంది. తండ్రికి సాయంగా ఇచ్చి ఉంటే అది తండ్రి ఆస్తిలో కలిసి మీరాస్‌గా పంచబడుతుంది. అప్పుగా ఇచ్చి ఉంటే పంపకానికి ముందు తీర్చాలి. తండ్రి అనుమతితో తన కోసమే కట్టుకున్నానని ముందే ఒప్పందం ఉంటే కట్టడం విలువ అతనిది, జాగా మాత్రం వారసులందరిది. ఏ మాటా అనుకోకుండా డబ్బు పంపినవారే ఎక్కువ. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఉద్దేశాన్ని ఎవరు నిరూపించగలరు? అప్పు వ్యవహారాలు రాసుకోమని సూరయె బఖర 282వ ఆయతు ఆదేశిస్తుంది. తండ్రీకొడుకుల మధ్య రాతలేమిటని సిగ్గుపడకూడదు.

కింద పెద్దోడికి, పైన చిన్నోడికి అని నోటి మాటగా పంచేసే తండ్రులు కూతుళ్ళను మరిచిపోతున్నారు. ఇల్లు అంతస్తులుగా విడదీయడానికి వీలుగా కట్టామంటే అది కొడుకుల కోసమే అని కాదు. ఒక్క బిడ్డకే కానుక ఇచ్చి సాక్ష్యం కోరిన హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రిని, మిగతా పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) అడిగారు, ఇవ్వలేదని తెలిసి సాక్షిగా ఉండటానికి నిరాకరించారు (బుఖారీ, ముస్లిం). ఇక బతికి ఉండగానే ఇల్లంతా ఒక్క కొడుకు పేర రాసి తర్వాత ఆ ఇంట్లోనే పరాయివారైన తల్లిదండ్రుల బాధ వేరు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, షరతు తప్పినప్పుడు రద్దు చేయమని కోరే వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో ఉంది. అయితే ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉండటం క్షేమం.

కనుక పునాది తీసే ముందే ఒక కాగితం రాసుకోవాలి. జాగా ఎవరిది, ఏ అంతస్తుకు ఎవరు ఎంత పెట్టారు, అది సాయమా, అప్పా, సొంతమా, అమ్మీ అబ్బా ఏ గదిలో ఉంటారు, వారి జీవితాంతం ఆ గది మీద ఎవరికీ మాట లేదన్నది, కూతుళ్ళ హక్కు అలాగే ఉందన్నది అందులో ఉండాలి. స్థానిక ముఫ్తీకి ఒకసారి, వకీలుకు ఒకసారి చూపించాలి. అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెళ్ళు కూడా సంతకం చేయాలి. రెండు ప్రతులు తీసి ఒకటి తండ్రి దగ్గర, రెండవది అత్తవారింట ఉన్న పెద్ద కూతురి దగ్గర ఉంచాలి.